రాజులు మారిన సీమలో వరహా

భద్రాచల రామదర్శనమునకు తెలంగాణము వైపునుండి పోవు యాత్రికులకు పూర్వమొక చిక్కుండెడిది. బూర్గంపాడు రేవువరకు నైజాము రాజ్యము. గోదావరి దాటినంతనే ఇంగ్లీషువారి ఏలుబడి. 1860లో నిజాము భద్రాచల ప్రాంతమును ఇంగ్లీషువారికి వదలుకొనెను. 1874లో అది మద్రాసు రాజధానిలోని గోదావరి మండలమున చేరెను. మరల ఖమ్మము జిల్లాలోనికి వచ్చినది 1959లో. ఈ నడుమ కాలమున ఈవలి యొడ్డున హాలీ సిక్కా, ఆవలి యొడ్డున కల్దారు రూపాయి చెల్లుచుండెను. ఏడు హాలీ రూపాయల కారు కల్దార్లు మారకము. ఇంటివద్ద రామునికి కట్టిన ముడుపు రేవు దాటునప్పటికి ఏడింట నొక వంతు తరిగిపోయినట్లు పల్లెవారికి తోచెనన్న అందులో వింత లేదు.

ఇది మన తాతల నాటి మాట. అంతకు మున్నూరేండ్లకు పూర్వము, పదునారవ శతాబ్దమున, ఈ సీమ పొలిమేర ఇంత నిలకడగానైన ఉండలేదు. ఓరుగల్లు, ఖమ్మముమెట్టు, కొండపల్లి దుర్గముల నడుమనున్న అడవి సీమ యంతయు పొలిమేరయే. ఒక తరములోనే అది ముగ్గురు నలుగురు ఏలికల చేతులు మారినది. ఆ దినములలో ఇచట చెల్లిన నాణెమేది? దానిమీద ఎవరి పేరుండెను? మన్యపు అంచున దున్నుకొని బ్రదుకు రైతు ఎవరి సొమ్ముతో శిస్తు చెల్లించెను? ఈ విషయమును నేడు విచారింతము. రామదాసు కథలోని రామమాడలకును ఈ ప్రశ్నతో సంబంధము కలదు. దానికి తుదకు వత్తము.

ముందుగా ఏలికల సంగతి. 1460లో కటకపు గజపతుల సేనలు బహమనీల నోడించి ఓరుగల్లును పట్టుకొనినవి. తరువాత మరల బహమనీలు వచ్చిరి. బహమనీ రాజ్యము చీలిపోవుచున్న అదనున ఒక విచిత్ర పురుషుడు తల యెత్తెను. ఆయన పేరు సీతాపతి. సుల్తానుల కొలువున ఖాను బిరుదమందుటచే చిత్తాపఖాను, షితాబుఖాను అని ప్రసిద్ధుడయ్యెను. 1504 నాటి ఓరుగల్లు శాసనము ఈయన ఆ కోటను గెలిచిన వార్తను చెప్పుచున్నది. కాకతీయుల కాలపు దేవీమూర్తిని, పాంచాలరాయుడను పేరుగల కృష్ణుని ఆయన పునఃప్రతిష్ఠ చేసెనట. తురక బిరుదమును విడువక, కాకతీయుల దేవతలను నిలిపి, సంస్కృతమున శాసనము వ్రాయించిన ఈ దొర ఆ కాలపు పొలిమేర బ్రదుకున కొక మంచి ఉదాహరణము. ఖమ్మముమెట్టును ఈయన వశముననే యుండెను.

ఆయన చుట్టును ముగ్గురు బలవంతులు. తూర్పున ప్రతాపరుద్ర గజపతి, పడమట గోలకొండలో సుల్తాను కులీ, దక్షిణమున విజయనగరపు కృష్ణదేవరాయలు. రాయలు 1514లో ఉదయగిరిని, 1515లో కొండవీటిని సాధించి కృష్ణ దాటి కొండపల్లిని పట్టెను. అటుపై ఆయన తెలంగాణమున సాధించిన దుర్గముల పట్టిక కాళహస్తి శాసనమున కలదు. అనంతగిరి, ఉండ్రకొండ, ఉర్లుగొండ, నల్లగొండ మొదలగువానితో పాటు మన ఖమ్మముమెట్టు పేరును అందున్నది. అడవి దారులలో చిత్తాపఖాను విలుకాండ్రు రాయల సేన నడ్డగించిన ముచ్చటను రాయవాచకము చెప్పును. యుద్ధము సంధితో ముగిసెను. రాయలు గజపతి పుత్రికను పెండ్లాడి, కృష్ణకు ఉత్తరమున గెలిచిన సీమను గజపతికే తిరిగి యిచ్చివేసెను. ఆ వెనుక సుల్తాను కులీ చిత్తాపఖానును తరిమి ఖమ్మముమెట్టును గైకొనెను. ఖాను గజపతుల ప్రాపున చేరెను. మరల పోరు జరిగెను. గోదావరియే ఉభయ రాజ్యములకు ఎల్ల యని నిర్ణయించుకొనిరని పారశీక చరిత్రకారులు వ్రాసిరి. ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున, 1572 ప్రాంతమునకు, రాజమహేంద్రవరమును గోలకొండకు లోబడుటతో ఆ ఎల్లయు చెరిగిపోయెను.

ఇన్ని విజయములలో గెలిచినవాడు తన గెలుపును దేనిమీద చాటెను? రాతిమీద చాటెను, కోట తలుపుమీద చాటెను, మసీదులోని ఖుత్బాలో చాటెను. బంగారముమీద మాత్రము ప్రతివాడును చాటలేదు. ఈ వింత తెలియుటకు అదే కాలమున పడమటి తీరమున జరిగిన సంగతి నొకదానిని ప్రక్కన పెట్టి చూతము.

గోవా యనునది రెండు నదీముఖముల నడుమ నున్న చిన్న దీవి. 1510వ సంవత్సరము ఫిబ్రవరిలో పోర్చుగీసు సేనాని ఆల్బుకెర్కు దానిని బిజాపురమువారినుండి లాగుకొనెను. మే నెలలో పోగొట్టుకొనెను. నవంబరులో మరల గెలిచెను. ఆ దీవిలో ఆయన చేసిన తొలి పనులలో నొకటి టంకసాల పెట్టుట. తమ రాజైన మనువేలు పేర బంగారు నాణెమును, వెండి నాణెమును, రాగి నాణెమును కొట్టించి, బూరలూదించి, వీధులలో ఊరేగింపు చేయించి, ఇకమీదట ఇదియే చెల్లవలెనని చాటింపు వేయించెను. దీవి యెవరిదో తెలియుటకు నాణెమును మించిన సాక్ష్యము లేదని ఆయన తలంపు. కాని గోవా సంతలో లెక్కలు మాత్రము వెనుకటివలెనే పర్దావులలో సాగినవి. పర్దావు అనగా మరేమియు కాదు, మన విజయనగరపు వరహాయే. పోర్చుగీసువారు తుదకు తామును దానినే యొప్పుకొని, తమ మతగురువైన సెయింటు తామసు బొమ్మతో పర్దావులు కొట్టుకొనిరి.

సముద్రమును దాటి వచ్చినవారే వరహాకు తల యొగ్గిన తరువాత, ఖమ్మముమెట్టును గెలిచిన సుల్తాను మాత్రము ఏమి చేయగలడు?

వరహా ఎట్టిది? తూకము సుమారు 3.4 గ్రాములు. చిటికెన వ్రేలి గోరంత బంగారు బిళ్ళ. 1443లో విజయనగరమునకు వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాకు దాని భాగములను వివరముగా వ్రాసి పెట్టెను. వరహాలో సగము ప్రతాపము. ప్రతాపములో పదవ వంతు పణము. చేతి మార్పునకు ఇదియే మిక్కిలి పనికివచ్చునదట. పణములో ఆరవ వంతు తార యను వెండి నాణెము. తారలో మూడవ వంతు జీతలు, అది రాగిది. మన దేశపు శాసనములలో గద్యాణము, మాడ, రూక యను పేర్లు కాకతీయుల నాటినుండి కానవచ్చును. మాడ యనగా విజయనగరపు లెక్కలో అర వరహాయే. వరాహము చాళుక్యులకును విజయనగరమువారికిని లాంఛనము. నాణెమున కా పేరు చాళుక్యులనాటి వరాహపు ముద్రనుబట్టియే వచ్చెనని పలువురి యభిప్రాయము. చిత్రమేమన, విజయనగరపు వరహాలమీద వరాహము సామాన్యముగా కనబడదు! పేరు నిలిచినది, బొమ్మ పోయినది.

ఆ బొమ్మలు మారిన క్రమమును చూచుటయే ఒక వేడుక. తొలి రాజుల నాణెములమీద హనుమంతుడు, గరుత్మంతుడు. దేవరాయల కాలమున ఉమామహేశ్వరులు. కృష్ణదేవరాయలు ఉదయగిరినుండి బాలకృష్ణ విగ్రహమును తెచ్చి విజయనగరమున ప్రతిష్ఠించెను. ఆ బాలకృష్ణుడే ఆయన వరహామీద కూర్చుండెను. 1520 ప్రాంతమున ఆ నగరమును చూచిన పోర్చుగీసు వర్తకుడు పాయెసు ఈ మార్పును కనిపెట్టెను. ఈ నాణెముల కొకవైపున రెండు ప్రతిమలు, వేరొకవైపున కొట్టించిన రాజు పేరును ఉండుననియు, ఇప్పటి రాజు కొట్టించినవానిమీద ఒక ప్రతిమ మాత్రమే కలదనియు, ఇది ఇండియా యందంతటను చెల్లుననియు ఆయన వ్రాతల సారాంశము. ఆ చివరి మాటను మనము గట్టిగా పట్టుకొనవలెను. అచ్యుతరాయలు ఏనుగుల నెత్తుకొనిపోవు గండభేరుండమును వేయించెను. సదాశివరాయల కాలమున లక్ష్మీనారాయణులు వచ్చిరి.

1565 జనవరిలో తళ్ళికోట యుద్ధమున రామరాయలు కూలెను, విజయనగరము పాడయ్యెను. ఆయన తమ్ముడు తిరుమలరాయలు పెనుగొండ చేరి రాజ్యమును నిలబెట్టెను. ఆయన కొట్టించిన వరహామీద రాముడును సీతయు కూర్చుండియుందురు, ప్రక్కన లక్ష్మణుడు నిలిచియుండును. వెనుకవైపున నాగరలిపిలో శ్రీ తిరుమలరాయులు అని యున్నది. లిపి నాగరమైనను ఆ “రాయులు” అను గౌరవరూపము అచ్చముగా తెలుగు. నగరము కాలిపోయి, రాజధాని విడిచి వచ్చిన రాజు రాముని బొమ్మను ఏల యెన్నుకొనెనో శ్రోతలే ఊహించుకొనవచ్చును. వనవాసము చేసి రాజ్యము నందిన దేవుడు మరియొకడు లేడు గదా.

ఇప్పుడు గోలకొండవైపు తిరిగి చూతము. కుతుబ్‌షాహీ సుల్తానుల పేర్లుగల నాణెములు దొరికినవి. అవి దాదాపుగా అన్నియు రాగివే. ఆ రాగి డబ్బులపై గోలకొండ, హైదరాబాదు టంకసాలల పేర్లు పారశీక లిపిలో చదువవచ్చును. బంగారము మాట వేరు. వజ్రముల గనులు గల రాజ్యము, మసూలా బందరువంటి రేవు గల రాజ్యము, తన పెద్ద లెక్కలనన్నిటిని హూన్ యను పేర వరహాలలోనే నడుపుకొనెను. ఇది అశక్తత యని కొందరందురు. మాకట్లు తోచదు. ఇబ్రహీము తన యన్న జంషీదునకు వెరచి యేడేండ్లు విజయనగరమున రామరాయల యాశ్రయమున గడపినవాడు. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకొన్న రాజు. వరహా ఎంతటి నమ్మకముమీద నడచుచున్నదో ఆయనకు ఒకరు చెప్పవలసిన పని లేదు. నవాబు పేరుగల క్రొత్త బంగారు నాణెమును బయట పెట్టినచో షరాబు దానిని గీటురాతిపై గీచి, త్రాసులో వేసి, వట్టము పట్టి తీసికొనును. పాత వరహాను చూచినంతనే తీసికొనును. ఏ రాజు తన ఖజానాకు తానే వట్టము తెచ్చుకొనును?

పాత వరహాపై గల ఈ మక్కువ ఎంతవరకు పోయెనో, తరువాతి శతాబ్దమున వజ్రముల బేరమునకై పలుమారులు గోలకొండకు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టవెర్నియే వ్రాసెను. పాత వరహాలలోని బంగారము క్రొత్తవానికంటె మేలైనది కాకున్నను వాని కెక్కువ వెల పలుకుచుండెనట. వానిని కరగించినచో దేశమునకు కీడు మూడునని జనులు నమ్మిరట. కరగింపకుండుటకై సుల్తానునకు ఏటేట సొమ్ము చెల్లించుచుండిరట! చచ్చిన రాజుల నాణెమును కాపాడుటకు బ్రదికియున్న రాజునకు కప్పము కట్టుట మరి యే దేశమునను జరిగెనో లేదో.

గజపతుల మాట కూడ ఒకటి చెప్పి ముందునకు పోదము. ఏనుగు బొమ్మగల బరువైన బంగారు నాణెములను చాలకాలము గజపతి వరహాలని పిలిచిరి. అవి కన్నడ దేశపు గంగరాజులకు చెందినవని తరువాతి పరిశోధకులు తేల్చిరి. ఏనుగును చూచి గజపతి యనుకొనుట తేలిక; నాణెముల విషయమున తేలికగా తోచినదానిని నమ్మరాదు.

ఇంతవరకు కోటల మాట, సంతల మాట. పాల్వంచ, భద్రాచలము అడవులలో సంగతి మరియొక తీరు. కోయవారికి బంగారముతో పని తక్కువ. తేనె, చింతపండు, ఇప్పపువ్వు, వెదురు వారి సరకులు. ఉప్పు, గుడ్డ, ఇనుము వారికి కావలసినవి. సరకునకు సరకే మారకము. ఈ వాడుక మన కాలమువరకును సంతలలో కొంత మిగిలినది. మైదానపు రైతు ధాన్యము పండించును. ఆ ధాన్యము వరహాగా మారి గోలకొండ చేరవలెను. ఆ మార్పు జరుగుచోటనే కష్టమంతయు నున్నది. గోలకొండ రాజ్యమున శిస్తు వసూలును ఇజారాకిచ్చువారు; ఎక్కువ సొమ్మునకు పాడినవానికి సీమ దక్కును. ఒప్పుకొన్న మొత్తమును వరహాలలో చెల్లించుట వాని పూచీ. వాన కురియకున్నను, దండు వచ్చి పైరు త్రొక్కినను ఆ మొత్తము తగ్గదు. రైతునొద్ద పిండగలిగినంత పిండుటయే వానికి తోచిన త్రోవ. 1618 మొదలు కొన్నియేండ్లు మసూలా బందరున నున్న ఇంగ్లీషు వర్తకుడు మెథ్వల్డు ఈ పద్ధతి యొక్క ఘోరమును వర్ణించెను. 1614 ప్రాంతమున ఆ రేవు పట్టణపు అధికారి, బ్రాహ్మణుడు, కట్టవలసిన సొమ్ము పూర్తిగా కట్టలేకపోగా, వీపున, పాదములపైన, కడుపుపైన బెత్తములతో కొట్టించి ప్రాణము తీయించిరని ఆయన వ్రాసెను.

నేలకొండపల్లి కంచెర్ల గోపన్న కథను ఈ మాట వినిన తరువాత చదువవలెను. అబుల్ హసన్ తానీషా రాజ్యము చేసిన 1672–1687 సంవత్సరముల నడుమ గోపన్న పాల్వంచ పరగణా తహసీలుదారు. శిస్తు సొమ్మును భద్రాద్రి రామునికి గుడి కట్టించుటకు, నగలు చేయించుటకు వెచ్చించెననియు, ఆరు లక్షలు బాకీ పడి గోలకొండ చెరలో మ్రగ్గెననియు, రాముడును లక్ష్మణుడును రామోజీ, లక్ష్మోజీలను పేర తానీషా పడకగదికి వచ్చి సొమ్ము పోసి రసీదు వ్రాయించుకొనిరనియు కథ. ఆయన చెర బాధలను పాడిన పాటలను భక్తి మాత్రమే యనుకొని వినువారు, ఆ రాజ్యమున బాకీపడిన అధికారికి ఏమి కాచియుండెనో మరచిపోవుదురు. గోపన్న భయము కవి కల్పన కాదు.

ఆరు లక్షలన్నది ఏ నాణెములు? కొందరు మొహరీలందురు, కొందరు వరహాలందురు, పోసినవి మాత్రము మాడలందురు. ఇది చిన్న భేదము కాదు. మొఘలు మొహరీ సుమారు 11 గ్రాములు. ఆ లెక్కన ఆరు లక్షలు 6,600 కిలోగ్రాముల బంగారము. వరహాలైనచో 2,040 కిలోగ్రాములు. అర వరహా మాడలైనచో వేయి కిలోగ్రాముల పైచిల్లర. మోసినవారు దేవుళ్ళు గనుక బరువును గూర్చి మనకు చింత వలదు. ఖజానా గుమాస్తాకు మాత్రము చింతయే. వేరొక కొలతతో చూతము. 1636లో అబ్దుల్లా కుతుబ్‌షా షాజహానునకు లొంగి, ఆయన పేర ఖుత్బా చదివించుటకు, నాణెములు కొట్టించుటకు, ఏటేట రెండు లక్షల హూన్‌లు పేష్కషు చెల్లించుటకు ఒప్పుకొనెను. కథలోని ఆరు లక్షలు వరహాలే యైనచో, గోలకొండ ఢిల్లీకి మూడేండ్లు కట్టిన కప్పమంత ఒక అడవి పరగణా బాకీ! జనుల నోట మొత్తము పెరిగినదనుటకు ఇది చాలును. బాకీయే లేదనుటకు మాత్రము చాలదు.

ఆ పేష్కషులోనే మరియొక తగవు పుట్టెను. ఒప్పందము నాటికి హూను వెల నాలుగు రూపాయలు. కాలక్రమమున అది అయిదు రూపాయలకు పెరిగెను. గోలకొండవారు పాత వెల ప్రకారము రూపాయలు కట్టుచున్నారని, ఆ తేడా క్రింద ఇరువది లక్షల రూపాయలు బాకీ యని దక్కను సుబేదారుగా నున్న ఔరంగజేబు పట్టుపట్టెను. ఆ తగవు 1656లో గోలకొండపై ఆయన దండెత్తుటకు గల కారణములలో నొకటి. హాలీ కల్దారుల వంటి మారక భేదమే, మన రేవులో యాత్రికుని ముడుపు తరిగిన లెక్కయే, అచట రాజ్యముల నడుమ యుద్ధమైనది. రామదాసు పాడిన ఒక కీర్తనలో దేవుని నగలకైన ఖర్చు ఒకచోట వరహాలలోను, వేరొకచోట మొహరీలలోను లెక్కకు వచ్చును. దక్షిణపు నాణెమును, ఢిల్లీ నాణెమును ఒకే తహసీలుదారు పద్దులో ప్రక్కప్రక్కన నిలిచిన కాలమది.

ఇక రామమాడలు. రామ పట్టాభిషేకము ముద్రించిన బిళ్ళలు దేశమందంతటను దొరకును, వానిని రామటంకములందురు. సింహాసనమున సీతారాములు, చుట్టును తమ్ములు, ఎదుట హనుమంతుడు. ఇవి సంతలో చెల్లిన సొమ్ము కావు. పూజలో నుంచుటకు చేసిన బిళ్ళలు. కొన్నిటిమీద నమ్మరాని ప్రాచీన సంవత్సరములు కూడ చెక్కియుండును. అందుచేత చదువుకొన్నవారు కొందరు రామమాడ మాట వినినంతనే నవ్వుదురు. ఆ నవ్వు తొందరపాటని మా యభిప్రాయము. రాముని బొమ్మగల నాణెమును నిజమైన రాజు, నిజమైన టంకసాలలో, గోపన్నకు నూరేండ్లకు పూర్వము కొట్టించెను. అది తిరుమలరాయల వరహా. ఆయన యొక్కడే కాదు. అక్బరు తన చివరి దినములలో, ఇలాహీ 50వ సంవత్సరమున, అనగా 1604–1605లో, విల్లు పట్టిన రాముడును వెంట సీతయు గల అర మొహరీని, అర రూపాయిని కొట్టించెను. పైన నాగరలిపిలో ‘రామ సీయ’ యను అక్షరములు కలవు. తురక సుల్తాను ఖజానాలోనికి రాముని బొమ్మగల బంగారము వచ్చి పడుట యనునది దేవుడు దిగివచ్చిననే గాని జరుగనిది కాదు. శిస్తు వసూలులో, షరాబు చేతి సంచిలో, అది వచ్చుటకు వీలున్నదే.

తిరుమలరాయల వరహానే జనులు రామమాడగా తలచుకొనిరని మేము చెప్పబోము. నాణెమొకచోట, కథ వేరొకచోట పుట్టవచ్చును. ఈ సీమలో ఏలిక ఎవరైనను బంగారముపై నుండినది దేవుని బొమ్మయే యని మాత్రము చెప్పవచ్చును. 1639లో మద్రాసున స్థలము సంపాదించిన ఇంగ్లీషు కంపెనీవారు సైతము, నాణెములు కొట్టుకొను అనుమతిని పొంది, విష్ణుమూర్తియు ఇరువురు దేవేరులును గల ‘మూడు స్వాముల వరహా’ను తమ టంకసాలలో అచ్చుగొట్టిరి. 1818లో రూపాయియే ప్రమాణమని నిర్ణయించి, నూరు వరహాలకు మున్నూటయేబది రూపాయల చొప్పున మారకము కట్టువరకు మద్రాసు సర్కారు లెక్కలు వరహాలలోనే నడచినవి.